ఫిల్ము అంచున వేళ్లు

చేవెళ్ల బస్టాండులో దిగి షాబాద్ రోడ్డు మీద కాస్త నడిస్తే, మందుల దుకాణానికీ టైర్ల దుకాణానికీ మధ్య ఒక ప్రైవేటు దవాఖాన కనిపిస్తుంది. దాని పేరు చెప్పను. చెప్పినా అక్కడికి పోయేవాళ్లు పోక మానరు. లోపల మెట్ల కింద కిటికీ లేని గది ఒకటి ఉంది. అదే ఎక్స్‌రే గది. బయట ఎండ మండిపోతున్నా అందులో ట్యూబులైటే దిక్కు. తలుపు తీయగానే స్పిరిట్ వాసన, చెమ్మపట్టిన గోడ వాసన కలిసి ముక్కుకు తగులుతాయి. తలుపు మీద ఎర్రరంగుతో, గర్భిణులు ముందుగా తెలియజేయాలి అని రాసి ఉంటుంది.

కృపాజ్యోతి ఊరు ముడిమ్యాల. మొయినాబాద్ దగ్గర ఒక పారామెడికల్ కాలేజీలో ఎక్స్‌రే టెక్నీషియన్ డిప్లొమా చదివింది. చదివింది అంటే, గుడ్డ కప్పిన పాత మెషీన్ చుట్టూ తోటి పిల్లలతో నిలబడి పాఠం విన్నది. అసలు పని నేర్చుకోమని కాలేజీవాళ్లే ఆమెను ఈ దవాఖానకు పంపారు. ట్రైనింగు పూర్తయినట్టు సర్టిఫికెట్ చేతికొస్తే, మొయినాబాద్‌లోనే ఒక స్కానింగ్ సెంటర్‌లో ఉద్యోగం ఉంది. ఇంకా రెండు నెలల ట్రైనింగు మిగిలి ఉంది.

ఇక్కడ ఆమె నేర్చుకున్న మొదటి పని పట్టుకోవడం. పిల్లలు ఏడ్చి గింజుకుంటారు, ముసలివాళ్లు వణుకుతారు, తాగి బండి మీంచి పడ్డవాళ్లు లేచి కూర్చుంటారు. ఎక్స్‌రే తీసేటప్పుడు మనిషి కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. పేషెంటు తాలూకు మనిషికి కిరణాలు సోకకుండా సీసపు ఏప్రాన్ తొడిగి పట్టుకోమనాలని, పనిచేసేవాళ్లు అడ్డగోడ వెనక్కి పోవాలని పుస్తకంలో ఉంది. పుస్తకంలో చాలా ఉంటాయి. ఈ దవాఖానలో తాలూకు మనుషులు బిల్లు కౌంటర్ దగ్గర ఉంటారు, మడతల దగ్గర పగిలిపోయిన ఏప్రాన్ మేకుకు వేలాడుతూ ఉంటుంది, పట్టుకునేది ట్రైనింగుకు వచ్చిన పిల్ల.

"గట్టిగ పట్టుకో. కదలనియ్యకు," అంటాడు సీనియర్ టెక్నీషియన్ నాగేందర్, సీసపు అద్దం వెనక నిలబడి. బటన్ సగం నొక్కితే మెషీన్ గుయ్యిమంటుంది. పూర్తిగా నొక్కితే టక్కుమంటుంది. కాసేపటికి కంప్యూటర్ మీద బొమ్మ వస్తుంది. పేషెంటు ఎముకల అంచున కృపాజ్యోతి వేళ్ల ఎముకలు, పెళ్లి ఉంగరంతో సహా తెల్లగా పడి ఉంటాయి. అవి డాక్టరు కంట పడకూడదు. నాగేందర్ మౌస్‌తో గీత లాగి ఆ అంచు కత్తిరించేస్తాడు. అట్లా ఆమెను రోజుకు ఎన్నిసార్లు కత్తిరిస్తాడో ఆయనకే లెక్క తెలియదు.

అప్పటికి కృపాజ్యోతికి మూడో నెల.

సంగతి ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమె భర్త జయరాజ్ చందనవెల్లిలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి పోతాడు. మంచివాడే. కానీ దవాఖానలో చెబితే ట్రైనింగు ఆపేస్తారని, ఏడాదంతా వృథా అవుతుందని, ఉద్యోగం ఇంకెవరికో పోతుందని భయపడ్డాడు. ఇన్నాళ్లు ఓపిక పట్టావు, ఇంకొంచెం ఓపిక పట్టు అన్నాడు. ఆదివారం చర్చిలో అదే నోటితో, కడుపులో బిడ్డను కాపాడు ప్రభువా అని ప్రార్థన చేశాడు. పక్కన మోకరించిన కృపాజ్యోతి ఆమెన్ అనలేదు.

కొత్త ఏప్రాన్ తెప్పించమని ఒకసారి నాగేందర్‌ను అడిగింది. ఆయన నవ్వాడు. "ఏమైతది? ఇన్నేండ్ల సంది జేస్తున్న. నాకేమైంది?" అన్నాడు. అద్దం వెనక నిలబడి చేసినవాడికి ఏమవుతుంది? ఆ మాట ఆమె నోటిదాకా వచ్చి ఆగిపోయింది. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టించాల్సింది ఆయనే.

ఒక మధ్యాహ్నం దగ్గుతో బాధపడుతున్న పిల్లవాణ్ణి తీసుకొచ్చారు. ఛాతీ ఎక్స్‌రే. తల్లిని బయట నిలబెట్టి తలుపు వేశారు. కృపాజ్యోతి పిల్లవాడి రెండు చేతులూ తలకు ఆనించి పైకి పట్టుకుంది. వాడు నడుము మెలికలు తిప్పుతూ ఏడుస్తున్నాడు. నాగేందర్ బటన్ మీద వేలు పెట్టగానే, వాడు ఉన్నట్టుండి బిగుసుకుపోయాడు. ఏడుపు కూడా ఆగింది. ఆ క్షణంలో ఆమెకు ఎక్కడినుంచో పచ్చి చొప్ప వాసన వచ్చింది. అప్పుడే కోసి కుప్ప వేసినట్టు, ఘాటుగా.

బొమ్మ వచ్చింది. పైన ఆమె వేళ్లు ఉన్నాయి, ఉంగరంతో. కింద, పిల్లవాడి నడుము దగ్గర, ఇంకో చేయి ఉంది. దానికి ఉంగరం లేదు. ఉంగరపు వేలికి కొస ఎముక కూడా లేదు.

నడుము దగ్గర ఎవరు పట్టుకున్నారని ఆమె అడిగింది. వాళ్లమ్మ పట్టుకుని ఉంటుందిలే అన్నాడు నాగేందర్. వాళ్లమ్మ బయట తలుపు కొడుతూనే ఉంది. ఆయన పై అంచు కత్తిరించాడు, కింది అంచు కత్తిరించాడు, మౌస్ వదిలేసి చాయ్‌కి పోయాడు.

గదులు తుడిచే శాంతమ్మ దగ్గర ఆ సంగతి ఎత్తితే, ఆమె చీపురు పక్కన పెట్టి మెట్ల మీద కూర్చుంది. కృపాజ్యోతి కంటే ముందు మంజుల అనే పిల్ల ఇదే ట్రైనింగుకు వచ్చిందట. షాబాద్ అవతల ఏదో పల్లె. చిన్నప్పుడు చొప్ప కోసే మిషన్‌లో పడి ఉంగరపు వేలు కొస తెగిపోయిందట. మాట మెత్తన, పట్టు గట్టి. ఎంత గింజుకునే పేషెంటునైనా ఆమె పట్టుకుంటే కదలడానికి ఉండేది కాదట. ఒక రోజు ఎవరినో పట్టుకుని ఉండగానే ఆ గదిలో కూలబడిపోయింది. కింద నేలంతా రక్తం. పట్నం దవాఖానకు తీసుకుపోయారు. తల్లీ దక్కలేదు, కడుపులోదీ దక్కలేదు.

"ఎక్స్‌రేతోనా, ఇంక దేంతోనా, ఎవరు తేలుస్తరు బిడ్డా," అంది శాంతమ్మ. చీపురు అందుకుని లేస్తూ కృపాజ్యోతి నడుము వైపు ఒక్కసారి చూసింది. "ఆమె గూడ చెప్పలే."

కృపాజ్యోతి ఇంటికి పోయి, ట్రైనింగు మానేస్తానని ఏడ్చింది. జయరాజ్ తల నిమిరాడు, కొంచెం రోజులే కదా అన్నాడు. తెల్లారి మళ్లీ డ్యూటీకి వచ్చింది.

వాన పడుతున్న ఒక సాయంత్రం నాగేందర్ చుట్టాల ఇంట్లో ఫంక్షన్ ఉందని, గది ఆమె మీద వదిలేసి మొయినాబాద్ పోయాడు. ట్రైనింగు పిల్లను ఒంటరిగా వదలకూడదు. అది కూడా పుస్తకంలోని మాటే. ఆయన అటు పోయాడో లేదో, ట్రాక్టర్ మీంచి పడ్డ సంగయ్య అనే పెద్దమనిషిని స్ట్రెచర్ మీద తెచ్చారు. భుజం విరిగి ఉంటుందని డాక్టరు అనుమానం. కొడుకు బిల్లు కట్టడానికి పోయాడు. నర్సు స్ట్రెచర్‌ను గదిలోకి తోసి వెళ్లిపోయింది.

ముసలాయన తడిసి ముద్దయి ఉన్నాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. కృపాజ్యోతి ఆయన భుజం కింద ఎక్స్‌రే పలక పెట్టి, అడ్డగోడ వెనక్కి వచ్చి బటన్ నొక్కింది. బొమ్మ చెదిరిపోయింది. మళ్లీ తీసింది. మళ్లీ అంతే. పట్టుకుందామంటే బటన్ నొక్కేవాళ్లు లేరు. పిలుద్దామంటే వాన చప్పుడులో ఎవరికీ వినపడదు. ముసలాయన మూలుగుతున్నాడు. ఎముక ఎట్లా ఉందో తెలియకుండా డాక్టరు చెయ్యి వేయడు.

కరెంటు పోయింది.

జనరేటర్ అందుకునేదాకా చీకటి. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. వాన చప్పుడు కూడా దూరమైంది. ముసలాయన పళ్ల చప్పుడొక్కటే వినిపిస్తోంది… తర్వాత వాసన వచ్చింది. పచ్చి చొప్ప. ఈసారి గదిలోంచి కాదు. అడ్డగోడ ఇవతలి నుంచి. ఒక్క మనిషి నిలబడితే నిండిపోయే ఆ సందులోంచి… ఆమె వెనక నుంచి.

చెవి దగ్గర ఎవరో ఊపిరి తీసుకున్నారు.

"ఎన్నో నెల?"

కృపాజ్యోతి వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏం చూడాల్సి వస్తుందో… అద్దం మీద వేళ్లు ఆనించి అట్లాగే నిలబడింది. అయినా మాట వచ్చింది.

"మూడు…"

ఊపిరి ఇంకా ఉంది. చల్లగా… మెడ మీద… ఎదురుచూస్తున్నట్టు.

ఏం చేయాలో ఆమెకు అప్పుడే తోచింది. తోచినందుకు తన మీద తనకే రోత కలిగింది. అయినా అడిగింది.

"అక్కా… జర నువ్వు పట్టుకో."

మెడ మీద చలి పోయింది. జనరేటర్ గుర్రుమంది, లైటు మినుకుమంటూ వెలిగింది. అద్దం అవతల స్ట్రెచర్ మీద ముసలాయన ఒక్కడే ఉన్నాడు. ఆయన వణుకు ఆగిపోయింది. ఆమె బటన్ నొక్కింది.

కొడుకు వచ్చి స్ట్రెచర్ తోస్తుంటే సంగయ్య తల తిప్పి ఆమె వైపు చూశాడు. "మంచిగ పట్టుకున్నవు బిడ్డా, నొప్పే తెల్వలే," అన్నాడు. "నీ చేతులే శాన సల్లగున్నయి."

ఆమె అడ్డగోడ వెనక నుంచి కదలనే లేదు. కంప్యూటర్ మీద విరిగిన భుజం స్పష్టంగా ఉంది, దాని రెండు పక్కలా రెండు చేతులు. కృపాజ్యోతి మౌస్ అందుకుని, ఎవరూ చెప్పకుండానే ఆ అంచులు కత్తిరించింది.

ఆ రోజు నుంచి ఆమె పేషెంట్లను ముట్టుకోలేదు. అద్దం వెనక నిలబడి, పెదవులు కదిలీ కదలకుండా పిలిచేది. ఎంతటి పిల్లవాడైనా బిగుసుకుపోయేవాడు. నాగేందర్ ఏమీ అడగలేదు. కత్తిరించే పని మాత్రం ఆమెకు అప్పగించి, ఫిల్ము వచ్చేటప్పుడు మొహం అటు తిప్పుకునేవాడు. మంజులను బతికున్నన్నాళ్లూ దవాఖానవాళ్లు వాడుకున్నారు, చచ్చాక తాను వాడుకుంటోంది. ఆ సంగతి కృపాజ్యోతికి తెలుసు. సిగ్గుపడేది. వెంటనే కడుపు మీద చెయ్యి వేసుకుని, పోనీలే, నా బిడ్డకు ఏమీ కాదు అనుకునేది. రెండూ నిజమే.

అప్పుడప్పుడు చెవి దగ్గర ఆ ఒక్క మాటే వినిపించేది. ఎన్నో నెల? ఆమె చెప్పేది. నాలుగు నిండాయని చెప్పిన రోజున మాత్రం ఆ ఊపిరి చాలాసేపు మెడ మీదనే ఉండిపోయింది.

ట్రైనింగు ఆఖరి రోజున ఒక ముసలమ్మకు మోకాలు ఎక్స్‌రే తీయాల్సి వచ్చింది. ఎప్పటిలాగే పిలిచింది. ముసలమ్మ కదిలింది, బొమ్మ చెదిరింది. మళ్లీ పిలిచింది. వాసన లేదు, చలి లేదు, ఫిల్ము అంచున ఎవరి వేళ్లూ లేవు. గది వట్టి గదిలా ఉంది. మంజుల వెళ్లిపోయిందని కృపాజ్యోతికి అర్థమైంది. ఆమె ఆత్మకు శాంతి దొరికిందనుకుని, కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది. సర్టిఫికెట్ తీసుకుని, బస్సెక్కి, దారంతా తేలికగా ఊపిరి పీల్చుకుంది.

మొయినాబాద్ స్కానింగ్ సెంటర్‌లో ఉద్యోగం ఇచ్చారు. అక్కడ కొత్త ఏప్రాన్లు ఉన్నాయి. గర్భిణి అని చెప్పగానే ఎక్స్‌రే గదికి దూరంగా రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు. ఇంత తేలిగ్గా అయ్యే పనికి తాను ఎంత దూరం పోయిందో తలచుకుని ఒకసారి బాత్రూంలో ఏడ్చింది.

ఐదో నెల స్కానింగ్ కూడా అక్కడే. పట్టపగలు, బయట జనం, ఏసీ చప్పుడు. డాక్టర్ ప్రవీణ చల్లటి జెల్లు రాసి, ఎన్నో నెల అని మామూలుగానే అడిగింది. ఆ మాటకు కృపాజ్యోతి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది. కానీ బిడ్డ కదలడం లేదు. డాక్టరు ఆమెను కాసేపు నడిచి, తియ్యటి జ్యూసు తాగి రమ్మంది. నడిచింది, తాగింది, వచ్చి పడుకుంది. అయినా కదలలేదు. డాక్టరు పొట్ట పైనుంచి మెల్లగా నొక్కి చూసింది.

"నిద్రపోతున్నట్టుంది. బొమ్మలు మాత్రం మస్తు వస్తున్నయ్. కొంచెం గూడ కదుల్తలేదు," అంది.

అప్పుడు ఏసీ గాలిలో పచ్చి చొప్ప వాసన తేలింది. కృపాజ్యోతి మెడ తిప్పి స్క్రీన్ వైపు చూసింది. బూడిదరంగు మసకలో బిడ్డ తల, ముడుచుకున్న చిన్న చెయ్యి. ఆ చేతి చుట్టూ, బొమ్మ అంచు నుంచి లోపలికి వచ్చి, పొడుగాటి వేళ్లు. వాటిలో ఒకటి పొట్టిది.

"మేడం… ఆ అంచుకు…"

ప్రవీణ మేడం ఆమె వైపు చూడలేదు. మౌస్ మీద చెయ్యి వేసి, గీత లాగి, ఆ అంచు కత్తిరించింది. తర్వాత, అంతా నార్మలే అని చెప్పి, లేచి జెల్లు తుడుచుకోమంది.