ఆఖరి కుట్టు

అసురసంధ్య వేళ... అట్లాంటిక్ మహాసముద్రాన్ని దట్టమైన పొగమంచు శవవస్త్రంలా కప్పేసింది! అందులో దారి తప్పిన ‘లేడీ ఎల్స్‌బెత్’ అనే మహానౌక గుడ్డిదానిలా ఒకేచోట గిరగిరా తిరుగుతోంది. దిక్సూచి ముల్లుకు పిచ్చెత్తింది. వైర్‌లెస్ మూగబోయింది. లివర్‌పూల్ నుంచి వెంట వచ్చిన సముద్రపక్షులు సైతం ఎటో మాయమయ్యాయి.

ఓడ పక్కనే, నల్లటి నీళ్లలో... కిత్తాను గుడ్డలో కుట్టిన శవం తేలుతోంది!

అది మోర్ట్‌లేక్‌ది. మొదటి తరగతి కేబిన్‌లో, నల్ల కొవ్వొత్తుల నడుమ, ఒక కపాలాన్ని గుండెలకు హత్తుకొని చచ్చిపడి దొరికిన వృద్ధ ప్రయాణికుడు. ఇనుప గుండ్లు కట్టి సాగరగర్భంలోకి జారవిడిస్తే మర్నాడే తేలాడు. ఆ వెనకే పొగమంచు వచ్చింది.

తప్పు ఈవన్‌ది. ఓడలో కిత్తాను కుట్టే నావికుడతను. సముద్రంలో విడిచే శవానికి ఆఖరి కుట్టు ముక్కు గుండా వేయాలి. అప్పుడే ఆ చచ్చినవాడు సముద్రానికి చెందుతాడని నావికుల తరతరాల నమ్మకం. కానీ ఆ రోజు నెల్ అతనికి టీ తెచ్చింది. అదే ఓడలో పరిచారిక. ఇద్దరికీ పెళ్లై పట్టుమని నెల కాలేదు. బిస్కెట్టు సగం విరిచి అతని నోట్లో పెడుతూ, "పాపం ముసలాయన... ముఖం పాడుచేయకు మొద్దూ!" అంది. ఆ పిలుపుకే ఈవన్ కరిగిపోయాడు. ఆ కుట్టు వేయకుండానే దారం తెంపేశాడు.

ఇప్పుడు ఆ నెల్... జుట్టు విరబోసుకొని, ఆ కపాలాన్నే చేతబట్టి, డెక్కు అంచున ఊగుతోంది! ఆ గొంతు ఆమెది కాదు!

"చచ్చాననుకున్నార్రా? ఆ ముసలి తోలు నేనే విడిచాను! చీకటి పడగానే ఈ పడుచు ఒళ్లు నాది... ఈ ఓడలోని ప్రాణాలన్నీ నా కపాలానికి బలి!"

ఈవన్ కుప్పకూలాడు. ముసలి సరంగు ట్రెగెంజా అతణ్ని జబ్బ పట్టి లేపాడు.

"ఏడ్చింది చాలు! వాణ్ని నువ్వు సముద్రానికి అప్పజెప్పలేదు, అదీ తీసుకోలేదు. దిగి ఆ కుట్టు వేసి రా."

"వాడు నన్ను లోపలికి లాక్కుంటే?"

"అప్పుడు నీ ముక్కుకి నేనే వేస్తాలే. దిగరా!"

తాళ్ల నిచ్చెన పట్టుకొని ఈవన్ దిగాడు. చన్నీళ్లు నడుము దాటాయి. తడి గుడ్డ కింద ముక్కు వెతికి సూది ఆనించాడో లేదో... పైనుంచి హృదయవిదారకమైన కేక! అతని చేతిమీద వెచ్చటి బొట్టు పడింది. రక్తం... నెల్ ముక్కులోంచి!

"పొడువు! పొడిచి నీ పెళ్లాన్ని చంపుకో!" పైన మోర్ట్‌లేక్ వికటాట్టహాసం.

ఈవన్ సూది వెనక్కి తీశాడు. కుడితే నెల్ పోతుందేమో... కుట్టకపోతే తప్పకుండా పోతుంది! పడమట మిగిలిన మసక వెలుగు ఆరిపోతోంది.

"దేవుడా... ఏం చెయ్యను?"

అప్పుడు, ఆ నవ్వును చీల్చుకుంటూ, ఒక్క క్షణం... సన్నటి గొంతు.

"కుట్టెయ్... మొద్దూ!"

ఈవన్ కళ్లు మూసుకొని సూది దించాడు. దారం బిగించాడు.

మహాసముద్రం గర్జించింది! కొండంత కెరటం లేచి, తనకు రావలసిన ఆ శవాన్ని ఒడిసిపట్టి పాతాళానికి ఈడ్చుకుపోయింది. పైన కపాలం ఫెళ్లున పగిలింది. మోర్ట్‌లేక్ ఆర్తనాదం నీళ్ల అడుగుకు దిగి, దిగి... ఆగిపోయింది. పొగమంచు చిరిగి చుక్కలు కనిపించాయి. ఎక్కడో మరో ఓడ కూత!

ఈవన్ పైకి పాకాడు. ట్రెగెంజా చేతుల్లో నెల్ కదలకుండా ఉంది. ముక్కుమీద సూదిమొనంత ఎర్రటి బెజ్జం.

"నెల్... నెల్!"

చాలాసేపటికి ఆమె కళ్లు తెరిచింది. వేలితో ముక్కు తడుముకుంది.

"ఆయన ముఖం పాడుచేయొద్దన్నాను గానీ... నాది చేయమన్నానా, మొద్దూ!"