మూగవాడి మైకు

"ఆదివారం సాయంత్రం చీరాల మైదానంలో ఒక ఎంపీ చనిపోతాడు," అన్నాడు చీఫ్ సంజీవరావు. "నువ్వు అడ్డుపడకపోతే."

ఏజెంట్ జాన్ బాషా ఫైలు తెరిచాడు.

2003 జూలై. ఇరాక్‌కి మన సైన్యాన్ని పంపాలా వద్దా అని దేశమంతా వాదులాడుకుంటోంది. ఏప్రిల్‌లో 'పంపాల్సిందే' అని ఊరూరా గర్జించినవాడు ఎంపీ చెంచురామయ్య. జనం ఈలలు వేశారు. కానీ కువైట్ నుంచి ఇరాక్‌కి సరుకు లారీ తోలుతున్న చీరాల కుర్రాడు షఫీక్ బాంబు పేలి చనిపోయాడు. పెట్టెలో శవం ఊరికొచ్చిన రోజు నుంచి జనం మాట మారిపోయింది. ఇప్పుడు చెంచురామయ్య వాళ్ళ ముందు నిలబడి జవాబు చెప్పడానికి ఒప్పుకున్నాడు.

"చంపాలని చూస్తున్నది యుద్ధం సప్లై కాంట్రాక్టులు పట్టిన విదేశీ ముఠా. కోడ్ నేమ్ ఫాల్కన్," అన్నాడు చీఫ్. "యుద్ధం వద్దనేవాళ్ళ సభలోనే ఎంపీ చస్తే నింద ఎవరి మీద పడుతుంది? జనం మళ్ళీ యుద్ధం వైపే తిరుగుతారు."

"సభ పెట్టిందెవరు సర్?"

"షఫీక్ తల్లి రహిమున్నీసా. మీ అమ్మ."

జాన్ బాషా ఫైలు మూసేశాడు. ఆమె దృష్టిలో పెద్దకొడుకు ఆరేళ్ళుగా ఎక్కడో ఓడ మీద పనిలో ఉన్నాడు. తమ్ముడి జనాజాకి కూడా అతను వెళ్ళలేకపోయాడు.

"వేషం మార్చగలను సర్. గొంతు మార్చలేను."

"అయితే మాట్లాడకు."

అలా చీరాలలో ఒక మూగ మైకు ఆపరేటర్ దిగాడు. నెరిసిన గడ్డం, చెంప మీద కాలిన మచ్చ, జేబులో ఒక స్క్రూడ్రైవర్. దాని పిడిలో ట్రాన్స్‌మిటర్ ఉంది.

మూడు రోజులు హోటల్లో బోర్డు వైపు వేలు చూపించి తిన్నాడు. సొంత వీధిలో పరాయివాడిలా నడిచాడు. అమ్మ గుమ్మంలో కూర్చుని మిరపకాయల తొడాలు తీస్తోంది. తలెత్తి చూసింది. మళ్ళీ పనిలో పడింది. అతను నడక ఆపలేదు.

ఆదివారం మధ్యాహ్నం స్టేజీ దగ్గరికి టీవీ రిపోర్టర్ శిల్ప వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, సెంటు వాసన. ముఠా దగ్గర పనిచేస్తూ మనకి సమాచారమిచ్చే డబుల్ ఏజెంట్.

"మిర్చి ధర పడిందా?" అంది.

అతను మూడు వేళ్ళు చూపించాడు. కోడ్ కుదిరింది.

"సినిమా హాలు మేడ మీద షూటర్. ఐదూ పదికి," అని గొణిగి వెళ్ళిపోయింది.

జాన్ బాషా స్క్రూడ్రైవర్ నొక్కి కబురు పంపాడు. సాదా దుస్తుల్లోని టీమంతా సినిమా హాలుకి పరుగెత్తింది.

ఐదింటికి మైదానం నిండిపోయింది. చెంచురామయ్య మైకుల ముందుకొచ్చాడు. రహిమున్నీసా స్టేజీ కింద నిలబడింది.

"ఎంపీగారూ, ఏప్రిల్లో ఇక్కడే నిలబడి పంపాలన్నారు. మీ ఇంట్లోంచి ఎవరిని పంపుతారు? ఆ ఒక్క ముక్కా చెప్పండి."

ఎంపీ గొంతు సవరించుకున్నాడు.

అప్పుడే జాన్ బాషా మైకు స్టాండు చూశాడు. అది ముందుకి వంగిపోయింది. ఇందాకే రెండుసార్లు బిగించాడు. టీవీవాళ్ళు కట్టిన మైకుల్లో ఒకటి ఉండాల్సినదానికంటే బరువుగా ఉంది. శిల్ప చానెల్‌ది. శిల్ప కెమెరా దగ్గర లేదు. సెల్‌ఫోను చేత్తో పట్టుకుని గేటు వైపు గబగబా నడుస్తోంది.

మేడ మీద షూటర్ లేడు. బాంబు ఆ మైకులోనే ఉంది. టీమ్‌ని పక్కకి తప్పించడానికే ఆ కబురు.

ఒక్క దూకు దూకి ఆ మైకు పీకేశాడు. వైర్లు తెగాయి. స్పీకర్ బాక్సులు కీచుమన్నాయి. జనంలోంచి దారి కావాలి.

"జరగండి!" అని అరిచాడు.

మూడు రోజుల తర్వాత మొదటి మాట. రహిమున్నీసా గిరుక్కున తిరిగి చూసింది.

మైదానం వెనక మురుగుకాలువలోకి మైకు విసిరేసి నేలకి కరుచుకున్నాడు. గేటు దగ్గర శిల్ప బటన్ నొక్కింది. ధన్‌మని నల్లటి బురద తాడెత్తు లేచింది. అప్పుడే సినిమా హాలు నుంచి తిరిగొస్తున్న టీమ్‌కి ఆమె ఫోనుతో సహా చిక్కింది.

"ట్రాన్స్‌ఫార్మర్ పేలినట్టుంది," అన్నారు జనం. ఇదే అదనుగా చెంచురామయ్య మెట్ల వైపు జరిగాడు. "మైకు లేదు కదమ్మా. ఇంకోసారి పెట్టుకుందాం."

"నాకు చెవులున్నాయండీ. చెప్పండి," అంది రహిమున్నీసా.

జనం కదల్లేదు. చెంచురామయ్య ఆగిపోయాడు. మైకు లేకుండానే, "ఎవర్నీ పంపనమ్మా. ఆ రోజు నేనన్నది తప్పు. ఢిల్లీలోనూ అదే చెబుతాను," అన్నాడు.

బురద కారుతూ జాన్ బాషా వైర్లు చుట్టుకుంటున్నాడు. ఎవరో నీళ్ళ చెంబు అందించారు. తలెత్తాడు. అమ్మ.

"మూగవాడివన్నారే," అంది. అతను తల దించుకున్నాడు. ఆమె కొంగుతో అతని చెంప మీది బురద తుడిచింది. కాలిన మచ్చ కొంగుకి అంటుకొచ్చింది. ఆమె కొంగు వైపు చూసింది. "ఇంటికి పోయి స్నానం చెయ్యి నాయనా," అని మాత్రం అని వెళ్ళిపోయింది.

రైల్వే స్టేషన్ ముందు ఎస్టీడీ బూత్ నుంచి రిపోర్ట్ చేశాడు. ఎంపీ క్షేమం. శిల్ప అరెస్ట్.

"మీ అమ్మ గుర్తుపట్టిందా?" అడిగాడు చీఫ్.

"తెలీదు సర్."

"ఏమన్నా అందా?"

"ఇంటికి పోయి స్నానం చెయ్యమంది."

"మరి వెళ్తావా?"

జాన్ బాషా గుంటూరు ప్యాసింజర్ వైపు చూశాడు. "స్నానం ఎక్కడైనా చెయ్యొచ్చు కదా సర్," అన్నాడు.