సున్నా నొప్పి

"నొప్పి ఎంతుంది? సున్నా నుంచి పదిలోపు చెప్పండి," అంది నర్సు సూర్యకళ.

"సున్నా," అన్నాడు బాబీ, బోర్లా పడుకునే.

"ఇందాకా సున్నాయే అన్నారు."

"అదే ఇది సిస్టర్. కొత్తది కొననేదు."

నవ్వు రాబోతే ఆపుకుంది. ఇద్దరిదీ ఒకే జాలరిపేట. మొన్ననే బాబీ తల్లి చిట్టమ్మ సంబంధం అడిగితే, సముద్రం మీద వేటకెళ్ళేవాడు వద్దంది సూర్యకళ. వేట నిషేధం రోజులు కదా అని అతను పైల్స్ ఆపరేషన్‌కి వచ్చి, ఆమె వార్డులోనే పడ్డాడు. పొద్దుటి నుంచి ఆమెకి ముఖం చూపించలేదు.

ఆపరేషన్ చేసినచోట నొప్పి తెలియకుండా వేసే రెండు మందుల్ని డాక్టర్లు పోల్చి చూస్తున్నారు. ఒకటి త్వరగా పట్టి త్వరగా వదిలేది. రెండోది ఆలస్యంగా పట్టి ఎక్కువసేపు నిలిచేది. ఎవరికి ఏది వేశారో సూర్యకళకీ తెలియదు. రోగి చెప్పే అంకే ఆధారం.

కిటికీ అవతల ముసురు.

"తలగడ కొరుకుతున్నారెందుకు?"

"ఆకలి."

ఈసారి ఆమెకి నవ్వు రాలేదు. "మీరు సున్నా అంటే మీకేసిన మందే మంచిదనుకుంటారు. రేపొచ్చేవాళ్ళకీ అదే వేస్తారు."

"బోటు మీద నొప్పంటే వొచ్చే వేటకి ఒడ్డున దింపీత్తారు. సెప్పడానికి నోరు రాదు."

సూర్యకళ చార్టు కింద పెట్టింది.

"మా నాన్నకి గుండె పట్టీసింది. అడిగితే ఏటీ నేదన్నాడు. అలాగే బోటెక్కాడు. బోటే వొచ్చింది," అంది. ఆసుపత్రి మాట పోయి పేట మాట వచ్చేసింది. "అలాంటోడి కోసం మళ్ళీ ఒడ్డున నిలబడలేను బాబీ."

బాబీ తలగడ అంచుని పిడికిట పట్టుకున్నాడు.

"ఎనిమిది," అన్నాడు తలగడలోకి.

ఆమె డాక్టర్ని అడిగొచ్చి నొప్పి ఇంజెక్షన్ చేసింది. అతని పిడికిలి మెల్లగా వదులైంది.

నిషేధం ముగిసిన రోజు కూడా ముసురే. సూర్యకళ వార్డులో ఉండగా ఫోన్ మోగింది. వెనక ఇంజన్ల చప్పుడు.

"నాలుగు," అన్నాడు బాబీ.

"ఏటి నాలుగు?"

"నొప్పి. బోటు డ్రైవర్‌కి సెప్పీసాను. దింపీసారు."

"నవ్వారా?"

"అందరూ." ఇంజన్ల చప్పుడు దూరమైంది. "వొచ్చే వేటకి మాత్రం ఎల్తాను. అదీ సెప్తన్నాను."

ఆమె వార్డు బయటికొచ్చింది. అతను ఫోన్ పెట్టలేదు.

"ఎక్కేముందు ప్రతిసారీ అంకె చెప్పాలి. ఉన్నదే చెప్పాలి."

"సెప్తాను."

"అయితే చిట్టమ్మత్తకి చెప్పు, డ్యూటీ అయ్యాక వస్తన్నాను," అంది సూర్యకళ.