మిషను ఆగితే మాట్లాడే పెట్టె

పొద్దున్నే ఆమె కుట్టుమిషను ముందు కూర్చుంది. ఎవరివో కిటికీ తెరలు, సాయంత్రంలోగా ఇచ్చెయ్యాలి. అంచు పొడుగునా కుట్టుకుంటూ పోతుంటే దారం తెగింది. కాలు తీసేసింది. చక్రం ఇంకాస్త తిరిగి, నిట్టూర్చినట్టుగా ఆగిపోయింది.

అప్పుడు వినపడింది.

"వినిపిస్తోందా?"

బొంగురు గొంతు, బావి అడుగునుంచి వచ్చినట్టుంది. ఆడో మగో తెలియలేదు. వచ్చింది మాత్రం ఆమె వీపు వెనకనుంచే. వెనక గోడ తప్ప ఏమీ లేదు. ఆ గోడకి ఆనించి, నడుమెత్తున ఒక పాత స్పీకరు పెట్టె ఉంది. దానికి పాటలందించే ఆంప్లిఫయరు మూత ఊడి భోజనాల బల్ల మీద పడి ఉంది. అంటే ఆ పెట్టె నోరు మూసుకుని ఉండాలి.

మొన్న కూడా ఆమెకి ఇలాగే అనిపించింది. నిద్ర చాలక అనుకుని సరిపెట్టుకుంది. ఈసారి ఉలిక్కిపడింది, దారం ఎక్కిస్తున్న సూది వేల్లో దిగింది.

పాత స్పీకర్లు కొని, బాగుచేసి అమ్మడం ఆమె భర్త పని. ఈ జత ఒక పెద్దావిడ పోయిన ఇంటినుంచి వచ్చింది. ఆవిడ వీటి ముందు కుర్చీలో కూర్చునే పోయిందట. ఎవరూ చూసుకోలేదట, పాట మాత్రం నడుస్తూనే ఉందట. ఆ ఇంటాయన, తీసుకెళ్లి పరీక్షించుకోండి, ఆదివారం సాయంత్రానికల్లా ఉంచుకుంటారో తిరిగిస్తారో చెప్పండి అన్నాడు. ఇవాళే ఆదివారం. వెనకగదిలో ఒక్కదానికే చోటుంది కాబట్టి రెండోది హాల్లో ఆమె పక్కన చేరింది. రెండింటికీ మధ్య గోడ వారగా భర్త పొడుగాటి తీగ లాగాడు.

వయసుతో అతనికి సన్నటి శబ్దాలు అందడం మానేశాయి. దాచుకునేవాడు కాదు. "చేతులు నావి, చెవి మా అమ్మాయిది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. పిల్ల చిన్నప్పటినుంచీ అంతే. అతను స్క్రూ తిప్పి "వినిపిస్తోందా?" అనేవాడు, ఆ పిల్ల తలూపేది. కొట్లోవాళ్లకి ఇప్పుడు ఆ పిల్ల పేరే "చెవి". ఈ జత వచ్చిన రోజున కూడా ఆ పిల్లే విని, రెండూ బాగున్నాయి నాన్నా, తీసేసుకుందాం అంది. టీ కప్పులు తెచ్చిన తల్లి, ఎడమది కాస్త మూగగా లేదూ అంటే, మిషను చప్పుడు తప్ప నీకేం తెలుసే అని భర్త నవ్వేశాడు.

ఇప్పుడూ నవ్వాడు. వంటగది గుమ్మంలో నిలబడి ఆమె చెప్పిందంతా విని, పెద్దావిడ పాట మధ్యలో వెళ్లిపోయింది కదా, మిగతాది అడుగుతోందేమో అన్నాడు.

"వేళాకోళాలు తర్వాత. సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే తిరిగి ఇచ్చేసి రండి."

ఆ మాటతో అతని మొహం మారిపోయింది. లోపల ఊగి మోగే ఇలాంటి కాగితపు గరాటాలు చేసేవాళ్లే ఇప్పుడు లేరని, అంచుల్లో స్పాంజి ఒక్కటే పొడైపోయిందని, అది మారిస్తే ఇంకో తరం మోగుతాయని గడగడా చెప్పుకొచ్చాడు. కొనదగ్గవో కాదో చెవి తేల్చేసింది, ఇక మాట్లాడేదేముంది అన్నాడు.

"ఆ చెవినే చూడండి ముందు. పిలిస్తే పలకదు. తలుపేసుకుని ఆ రెండో పెట్టె దగ్గరే కూర్చుంటుంది. అది మన పిల్లలా లేదండీ."

"వయసులో ఉన్న పిల్ల. నువ్వు పిలిచిన ప్రతిసారీ పలకాలంటే దానికి వేరే పనుండదు."

ఆమె అతని మోచెయ్యి పట్టుకుని హాల్లోకి లాక్కొచ్చి పెట్టె ముందు నిలబెట్టింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అతను ఏదో అనబోయాడు.

టక్, టక్. లోపల్నుంచి ఎవరో వేలితో కొట్టినట్టు. తర్వాత ఊపిరి. తర్వాత అదే గొంతు.

"ఇప్పుడు? ఇప్పుడు వినిపిస్తోందా?" కాసేపు ఆగి, ఇంకా సన్నగా, "లేదు. ఏమీ లేదు."

అతని నవ్వు పెదాల మీదే ఎండిపోయింది. వంగి, గుడ్డ తీసేసి ఉన్న నల్లకాగితం మీద వేలికొనలు ఆనించాడు. కాగితం వణుకుతోంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అప్పుడతని చూపు కింద ఉన్న తీగ మీద పడింది. మెల్లగా గోడ వెంబడి నడిచి, బల్ల దాకా వెళ్లి ఆగింది. మొన్న ఆంప్లిఫయరు విప్పినప్పుడు, దానికి తగిలించే రెండు పెట్టెల తీగల కొసలు చిక్కుపడకుండా తనే కలిపి మెలిపెట్టాడు.

"దయ్యం కాదే" అన్నాడు, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు. "స్పీకరు తలకిందులుగా కూడా పనిచేస్తుంది. కాగితం ఊగితే మాట పుడుతుంది, మాట తగిలితే కాగితం ఊగుతుంది. కరెంటు అక్కర్లేదు. అక్కడ దానికి మూతి ఆనించి మాట్లాడితే ఇక్కడ దీంట్లో..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. అవతల పెట్టె ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు.

వెనకగది తలుపు ఓరగా ఉంది. కూతురు మోకాళ్ల మీద కూర్చుని, కుడిచెవిని అరచేత్తో గట్టిగా మూసుకుని, పెట్టెకి మొహం ఆనించి ఉంది. తల్లి పిలిచింది. తండ్రి పిలిచాడు. పిల్ల కదల్లేదు. అతను భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి గోడకి గుద్దుకుంది.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాడు.

పిల్ల అబద్ధం వెతుక్కుంది. దొరకలేదు. మధ్యలో ఒకసారి వచ్చిన పెద్ద జ్వరం తగ్గినప్పటినుంచీ ఎడమవైపు మూసుకుపోయిందని, ఇప్పుడు కుడివైపు కూడా సన్నటివి జారిపోతున్నాయని చెప్పింది. కుడిచెవి మూసుకుని, పెట్టెలోకి మాట్లాడి, ఆ మాట ఎడమచెవికి అందుతుందేమోనని రోజూ ఇలా పరీక్ష పెట్టుకుంటోందట.

"మరి రెండూ బాగున్నాయని ఎలా చెప్పావే?"

"నీ మొహం చూసి చెప్పాను నాన్నా. నీకవి కావాలని ఉంది."

అతను పెట్టె పక్కనే నేల మీద చతికిలపడ్డాడు.

"చెవి పోయిందంటే ఇంక నీ కొట్లో నేనెవర్ని?" అంది పిల్ల.

అతను లేచి వెళ్లిపోయాడు. అతను కోపంతో వెళ్లాడో, ఇంకెందుకు వెళ్లాడో తల్లికి అర్థం కాలేదు. డాక్టరుకి చెప్పాల్సింది పెట్టెకి చెప్పుకున్నావా తల్లీ అంటూ కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. పక్కనే ఉండి, మిషను తొక్కుకుంటూ, పెట్టెకి వినపడింది కూడా తను వినలేదు.

టక్, టక్.

వెనకగది పెట్టె. అదే బావి అడుగు గొంతు. ఎవరిదో తెలిసి కూడా ఆమె ఒళ్లు జలదరించింది. చప్పున కూతురి కుడిచెవిని కాగితం దగ్గరికి తిప్పింది.

"వినిపిస్తోందా?" అంది పెట్టె. "ఎదురుగా నిలబడి చెప్పలేకపోయానే. నువ్వు స్టూలెక్కి కూర్చునే రోజుల్లో నాకన్నీ వినపడేవి. సన్నటివి, పెద్దవి, అన్నీ. అప్పుడు నీ చెవి నాకేం అవసరం? నువ్వు ఇంకాసేపు పక్కన కూర్చుంటావని అడిగేవాణ్ణి."

పిల్ల ఏడుపు మొదట చప్పుడు లేకుండా వచ్చింది. తర్వాత రెండు చేతులతో పెట్టెని పట్టుకుని కాగితానికి పెదాలు ఆనించింది.

"వినిపిస్తోంది నాన్నా."

రేపు పొద్దున్నే ఆస్పత్రికి ముగ్గురూ వెళ్లాలని అనుకున్నారు. మధ్యాహ్నం ఆంప్లిఫయరు బిగించి, పెట్టెలు రెండూ హాల్లో పక్కపక్కన పెట్టి, అతను కుర్చీ లాగి భార్యని కూర్చోబెట్టాడు. అతనికి మొదటిసారి ఆమె మాట కావాల్సొచ్చింది. ఆమె కళ్లు మూసుకుని విని, ఎడమది మూగే అంది. విప్పి చూస్తే నిజమే, పైన సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకరు కాలిపోయి ఉంది.

"అయితే ఏం చేద్దాం? పెట్టెలిచ్చినాయనకి ఏం చెప్పమంటావు?"

ఆమె కూతురి వైపు చూసింది.

"ఉంచుకుంటామని చెప్పండి. ఒక పక్క పలకకపోతే బాగుచేసుకోమా?"

అతను ఫోన్ అందుకున్నాడు. ఆమె మిషను ముందు కూర్చుని దారం ఎక్కించింది. తెరలు ఇంకా సగం ఉన్నాయి. తొక్కుతూ తొక్కుతూ, మధ్యమధ్యలో కావాలనే కాలు ఆపి, చక్రం చప్పుడు పూర్తిగా అణిగేదాకా వింది.