ఆరింటికి దిగని విమానం

ఢాం!

లారీ గుద్దిన దెబ్బకు తెల్ల ఇండికా కారు పల్టీ కొట్టి రోడ్డు పక్క కాలవలో పడుతుంది.

వెనక జీపులో వస్తున్న ఎస్‌ఐ లిఖిత సడన్ బ్రేక్ వేస్తుంది.

ఆ కారు జలాల్‌ది. తుర్కపల్లి ల్యాబుల దగ్గర స్టాఫ్‌ను దింపి, షామీర్‌పేటలో తన ఇంటికి వెళ్తున్న క్యాబ్ డ్రైవర్. అతని తమ్ముడు వసీమ్ రేపు మేడ్చల్ కోర్టులో సాక్ష్యం చెప్పాలి. అందుకే ఆ కుటుంబానికి ఆమె కాపలా.

లారీలోంచి ఒకడు దూకుతాడు. చేతిలో ఇనప రాడ్!

కారు వెనక డోర్ లాగి టార్చి వేస్తాడు.

సీటు ఖాళీ!

"ఏడిరా నీ తమ్ముడు? ఏడ దాసినవ్?"

"ఇంకా రాలే భయ్... ఖుదా కసమ్, రాలే!" జలాల్ నోట్లో రక్తం.

"ఏయ్! కదిలితే కాలుస్తా!"

లిఖిత గొంతు వినగానే వాడు చీకట్లోకి పరుగు తీస్తాడు.

ఆమె జలాల్ దగ్గర వంగుతుంది. చెయ్యి విరిగింది. ప్రాణానికి ఫరవాలేదు. 108కి ఫోన్ కొడుతుంది.

"నా సంగతి ఇడిశిపెట్టుండ్రి మేడమ్... వాన్ని వట్టుకోండ్రి! జల్దీ!"

లిఖిత పరుగు...

రోడ్డు దిగితే కోళ్ల ఫారం.

కంపు! వారం నుంచీ వాన. చచ్చిన కోళ్లను షెడ్డు వెనక కుప్ప పోశారు. కాలు అందులోకి దిగబడుతుంది. మెత్తగా... చీలమండ దాకా! నోటికి అడ్డంగా మోచెయ్యి పెట్టుకుని పరిగెడుతుంది.

ముందు వాడు జారి పడతాడు. రాడ్ ఎగిరి ఎక్కడో పడుతుంది.

ఆమె మోకాలు వాడి వీపు మీద. పిస్టల్ మెడ మీద. టార్చి ముఖం మీద.

"సిద్దిరాములూ... నువ్వా!"

ఈ మనిషిని ఆమె మరిచిపోలేదు. రెండు నెలల కిందట ఆసుపత్రి వరండాలో నాలుగేళ్ల కూతురి శవాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరు అడిగినా ఇవ్వలేదు. జ్వరానికి వేసిన సూది ఆ పిల్లను తినేసింది. ఆ వారం చుట్టుపక్కల ఊళ్లలో అలా పోయిన పిల్లలు ఐదుగురు.

"వాడేడి మేడమ్? నా బిడ్డను సంపినోడు ఏడి?"

"ఎవడు?"

"వసీమ్! డేట్ అయిపోయిన మందుల మీద కొత్త లేబుల్ అంటించినోడు!"

లిఖిత చెయ్యి సడలుతుంది.

"అంటించమన్నది ఆ మందుల కంపెనీ ఓనరయ్యా! వసీమ్ దాన్ని సెల్‌ఫోన్‌లో వీడియో తీశాడు. చంపుతామంటే ఖతర్ పారిపోయాడు. ఇప్పుడు నీ బిడ్డ కోసమే తిరిగొస్తున్నాడు!"

సిద్దిరాములు బురదలోంచి లేచి కూర్చుంటాడు.

"గట్లెట్ల... ఫోన్ల గట్ల జెప్పలేదే..."

"ఫోన్‌లో ఎవరు?"

"తెల్వదు. పేరు జెప్పలే. వాడు ఆరింటికి ఇమానం దిగుతడు, ఎనిమిది దాటినంక అన్న కారుల ఈ తొవ్వనే వస్తడు, నీ బిడ్డ పగ నువ్వు దీర్చుకో అన్నడు."

"ఎన్నింటికి దిగుతాడన్నాడు? మళ్లీ చెప్పు!"

"ఆరింటికి."

ఆరు!



పొద్దున వసీమ్ దోహా నుంచి లిఖితకు ఫోన్ చేశాడు. మధ్యాహ్నం రెండింటికి విమానం, నాలుగు గంటల ప్రయాణం అన్నాడు. రెండూ నాలుగూ ఆరు! హడావిడిలో అలాగే కూడేసింది. నేరుగా సీఐ ఫణిభూషణ్ గదిలోకి వెళ్లి, "ఆరింటికి దిగుతాడు సార్" అని చెప్పేసింది.

గది దాటి బయటికొచ్చాకే బుర్ర వెలిగింది. వసీమ్ చెప్పిన రెండు ఖతర్ రెండు! అక్కడికీ ఇక్కడికీ రెండున్నర గంటల తేడా. అక్కడ రెండంటే మనకు నాలుగున్నర. దానికి నాలుగు గంటలు కలిపితే రాత్రి ఎనిమిదిన్నర!

వెనక్కి వెళ్లేసరికి సీఐ గదిలో లేడు. ఫోన్ ఎత్తలేదు. ఎనిమిదిన్నర అని జలాల్‌కు చెప్పింది. ఎయిర్‌పోర్టుకు పంపిన కానిస్టేబుల్ కుర్మయ్యకూ అదే చెప్పింది.

ఆ తప్పుడు ఆరు మాత్రం... ప్రపంచం మొత్తంలో ఒక్క మనిషి చెవిలోనే పడింది!

అప్పుడు సీఐ చికెన్ ముక్క చీకుతూ విన్నాడు. వేళ్లు ఒక్కొక్కటే నాకుతూ, "శభాష్ అమ్మా" అన్నాడు.

లిఖిత మళ్లీ మోచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఈసారి కోళ్ల కంపుకు కాదు.

షెడ్డు పక్కన కారు ఆగుతుంది. హెడ్‌లైట్లు కళ్లలో కొడతాయి.

"లిఖితా! దొరికాడా అమ్మా?"

ఫణిభూషణ్! ఈ వేళకు యాప్రాల్‌లో ఇంట్లో ఉండాల్సిన మనిషి. చేతిలో రివాల్వర్. ముక్కుకు కర్చీఫ్.

"రోడ్డు పక్కన జలాల్‌ను చూశారా సార్?"

"చూశాన్లే. మూలుగుతున్నాడు. ముందు వీడి పని చూద్దాం. పక్కకు జరుగు. పారిపోతుంటే కాల్చామని రాద్దాం."

"గీ గొంతే!" సిద్దిరాములు అరుస్తాడు. "మేడమ్, ఫోన్ల మాట్లాడింది గీ గొంతే!"

లిఖిత వాడికి అడ్డంగా నిలబడుతుంది.

"వసీమ్ ఎన్నింటికి దిగాడు సార్?"

"ఆరింటికే కదా. ఎక్కడ దాచావు వాణ్ణి?"

"దాచలేదు. విమానం ఇప్పుడే దిగుతోంది. ఆరు అనేది ఖతర్ టైమ్. నేను తప్పు లెక్క వేసి మీ ఒక్కరికే చెప్పాను. అది వీడి దాకా ఎలా వచ్చింది?"

ఫణిభూషణ్ నవ్వుతాడు!

"తెలివైనదానివే. చూడమ్మా, పోయిన పిల్లలు ఎలాగూ రారు. కంపెనీ మూతపడితే ఎన్ని కుటుంబాలు రోడ్డున పడతాయి? వీడు ఎలాగూ ఏడుస్తూనే ఉన్నాడు. ఆ ఏడుపు ఊరికే పోవడమెందుకు? కాస్త పనికొచ్చేలా వాడుకున్నా. అంతే!"

అంతే!

ఇదే మనిషికి ఆమె రోజూ సెల్యూట్ కొట్టింది. ఆ చేతిని ఇప్పుడు దేంతో కడగాలి?

"జరుగు లిఖితా!"

"జరగను!"

రివాల్వర్ లేస్తుంది. ఆమెను తప్పించి సిద్దిరాములు తలకు గురి...

ధన్!

పేలింది లిఖిత పిస్టల్. ఫణిభూషణ్ మణికట్టు చిట్లిపోతుంది. రివాల్వర్ ఎగిరి బురదలో పడుతుంది. ఆయన కెవ్వున అరిచి, చచ్చిన కోళ్ల కుప్పలోకి వెల్లకిలా కూలిపోతాడు.

ఆమె సంకెళ్ల కోసం నడుము తడుముకుంటుంది.

అంతలో సిద్దిరాములు వంగుతాడు. లేచేసరికి చేతిలో రివాల్వర్!

"సిద్దిరాములూ! వద్దు! కింద పడెయ్యి!"

వినడు. ఒక్కో అడుగూ వేస్తూ ఫణిభూషణ్ మీదికి వెళ్తాడు.

"ఒరేయ్... ఆగరా... నీ బిడ్డ మీద ఒట్టు, నీకేం కావాలన్నా ఇప్పిస్తా..."

"నా బిడ్డ మీద ఒట్టా?" గొంతు చాలా మెల్లగా ఉంది. "నా బిడ్డ పేరేంది సారూ?"

ఫణిభూషణ్ మోచేతుల మీద వెనక్కి పాకుతాడు.

"పొద్దుగాల ఫోన్ల ఎన్నిసార్లు అన్నవ్... నీ బిడ్డ, నీ బిడ్డ అని! పేరు జెప్పు."

"అదీ... పాప..."

"పాప గాదు. పేరు!"

లిఖిత పిస్టల్ సిద్దిరాములు భుజం మీదికి గురి పెట్టి ఉంది. నొక్కితే చాలు, ఆగిపోతాడు.

వేలు ట్రిగ్గర్ మీదే ఉంది.

నొక్కదు.

ఫణిభూషణ్ ఆమె వైపు తిరుగుతాడు. "అమ్మా లిఖితా... ఆ పేరు... నువ్వైనా చెప్పమ్మా..."

లిఖిత తన పిస్టల్ దించుతుంది.

ధన్!