సబ్సిడీ కుంట

పత్తి చేనుకు కాలువ నీళ్లు వదిలి, చందు వేపచెట్టు కింద రీల్స్ చూస్తూ కూర్చున్నాడు. నీళ్లకు రీల్స్ మీద ఆసక్తి లేదు. గట్టు తెంపుకొని పక్కనున్న విద్య మిర్చి చేనులోకి వెళ్లిపోయాయి.

"చందు సేట్! మా మిర్చికి ఈత నేర్పిస్తున్నవా?"

మోకాళ్ల దాకా బురదతో విద్య నిలబడి ఉంది. రాజురాలో డిగ్రీ చదివి, తల్లి నర్సక్కతో సేద్యం చేస్తున్న పిల్ల. కోపంలో ఇంత బాగుంటుందని చందుకు అంతవరకూ తెలియదు.

"ఫ్రీగనే నేర్పిస్తున్న. ఫీజు వద్దు."

మాట పూర్తికాకముందే పార వచ్చి అతని కాళ్ల దగ్గర పడింది. గట్టు అతనే కట్టాడు.

ఆ వారమే వ్యవసాయ శాఖ సాహెబ్ జీపులో వచ్చాడు. నీళ్లు పొదుపు చేయాలన్నాడు. పక్కపక్క రైతులిద్దరు కలిసి ఒక కుంట తవ్వుకొని డ్రిప్ వేసుకుంటే సర్కారు సబ్సిడీ, మిగతాదానికి బ్యాంకు లోన్. కలిసి బతకమని చెప్పడం సర్కారుకు ఎప్పుడూ సులువే.

కుంట తవ్విన మేర నేల పోతుంది. మరి ఎవరి భూమిలో?

"మీ దాంట్ల."

"మీ దాంట్లనే."

రోజూ సాయంత్రం గట్టు మీద ఇదే పంచాయితీ. చేనుకు చందు ఇంత శ్రద్ధగా ఎప్పుడూ రాలేదు. సాస్తి బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన తండ్రి రాయమల్లు, కొడుకు బాగుపడ్డాడని మురిసిపోయాడు.

ఎండాకాలం కాలువ బంద్ అని కబురొచ్చిన రోజు విద్య కొట్లాడలేదు.

"అమ్మ చేను కౌలుకిస్తనంటుంది. నేను చంద్రపూర్‌ల నౌకరి చూసుకుంట."

ఆమె గొంతులో వెటకారం లేదు. చందుకు దానికే భయమేసింది.

"కుంట మా దాంట్ల తవ్వుదాం."

"గింత దయ ఎందుకో?"

"మోటర్ వెయ్యాలంటే నువ్వు రోజు మా చేనుకు రావాలె గదా."

"ఇప్పుడు ఫోన్‌తోనే మోటర్ వెయ్యొచ్చు. ఇంట్ల కూసోని వేస్త."

"ఇంట్ల కూసోకు విద్యా. నువ్వు రాకుంటే నాకు పొద్దు పోదు. నువ్వంటే ఇష్టం."

విద్య గట్టు మీది మట్టిగడ్డ తీసి కాలువలోకి విసిరింది.

"గీ మాట మా మిర్చి మునగకముందే చెప్తే నీ సొమ్మేం పోతుండె?"

మంచి నేల తవ్వేస్తానంటే రాయమల్లు గొణిగాడు. ఎవరి కోసమో తెలిశాక గొణుగుడు మానేసి, గడ్డం గీసుకొని సంబంధం మాట్లాడడానికి నర్సక్క ఇంటికి బయలుదేరాడు.

తొలకరికి కుంట నిండింది. తనిఖీకి వచ్చిన సాహెబ్ ఫోన్ తీసి, రైతులిద్దరినీ, అంటే చందునూ విద్యనూ, కుంట ముందు నిలబడమన్నాడు. వాన చినుకులు మొదలయ్యాయి.

"జవళ్ యా! ఇంకా జవళ్!" అంటూ మరాఠీలో, దగ్గరికి జరగమని చేయి ఊపాడు.

"గంతే చాలు సాబ్," అంది నర్సక్క. "ఇంకా దగ్గరికి లగ్గమైనంక జరుగుతరు."

సబ్సిడీ ఇంకా రాలేదు. ఫొటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.