మంగళవారం సముద్రం

"ఈసారి నువ్వు మెకానిక్‌వి," అంది మేడమ్ డాంక్వా. "పడవ మోటార్లు బాగుచేస్తావు. పేరు అటా. పెళ్లాం లేదు, పిల్లలు లేరు, చుట్టాలు లేరు."

"పేరొక్కటే మార్చుకుంటే సరిపోతుంది మేడమ్," అన్నాడు ఏజెంట్ ఎజిర్.

ఆవిడ నవ్వలేదు. రాజధాని అక్రాలో, నిఘా శాఖ ఆఫీసు గది అది. గోడ మీది మ్యాప్‌లో, పడమటి తీరానికి ఆనుకుని ఉన్న నీలిరంగు గడి మీద ఆవిడ వేలు ఆగింది.

"ఏడో బ్లాక్. అడుగున చమురుంది. పైన తిమింగలాలు పిల్లల్ని కని పాలిచ్చే చోటు. అలాంటి చోటును డ్రిల్లింగ్‌కు లీజుకివ్వకూడదని చట్టం. కానీ అవి ఈ సీజన్లో కూడా వచ్చాయని రుజువు చూపించాలి. ఆ రుజువు నీళ్లలో ఉంది. నీళ్ల మీద తేలే ఓ బోయాకు వేలాడే పసుపుపచ్చ రికార్డర్. వాటి గొంతులన్నీ అందులో ఉన్నాయి. మంగళవారం సాయంత్రం శాస్త్రవేత్తలు వచ్చి తీస్తారు. బుధవారం కమిషన్ లీజుల జాబితా మీద సంతకం పెడుతుంది."

"ఎవరికి అడ్డం అది?"

"హార్‌గ్రీవ్‌కి. సర్వే కంపెనీ ముసుగేసుకున్న విదేశీ ముఠా నాయకుడు. అచ్చం అలాంటిదే ఖాళీ రికార్డర్ ఒకటి చేయించాడు. మార్చేస్తే తిమింగలాలు రాలేదనే తేలుతుంది, బ్లాక్ తెరుచుకుంటుంది. ముందే పట్టుకుంటే బుకాయిస్తాడు. చేతిలో పెట్టె ఉండగా, పదిమంది చూస్తుండగా పట్టుకోవాలి. అతని పక్కన జిఫా ఉంది. మన మనిషే."

"మన మనిషేనా?"

"మన జీతమూ తీసుకుంటుంది, వాళ్ల జీతమూ తీసుకుంటుంది," అంది మేడమ్, ఫైలు మూసేస్తూ.

ఏడో బ్లాక్‌కు దగ్గర్లోని ఓ చేపల రేవులో ఎజిర్ ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. పగలంతా మోటార్లు విప్పి, తుడిచి, బిగించేవాడు. చేతి గడియారంలో కెమెరా, చొక్కా గుండీలో నీళ్లకు చెడని రేడియో ఉండేవి. ఇన్ని పరికరాలున్నా పొద్దుగూకితే మాట్లాడేందుకు మనిషి లేడు. కెంకె అనే మొక్కజొన్న పిండి ముద్దలు అమ్మే ఎఫువా మాత్రం అతని ఆకులో అడక్కుండానే ఇంకో గరిటె కారం వేసేది.

"ఒక్కడివే తింటావుగా మోటారూ. కారమైనా తోడుండాలి," అనేది.

ఆ ఒక్క మాట కోసం ఆకలి లేని రోజున కూడా వెళ్లేవాడు.

సోమవారం జిఫా వచ్చింది. ఎర్ర గౌను, నల్ల కళ్లద్దాలు, ఇసుకలో దిగబడుతున్న ఎత్తు మడమల చెప్పులు. వలలు ఆరేస్తున్న కుర్రాళ్లు పని మానేసి చూశారు.

"పాత ప్లగ్గులున్నాయా?" అంది. అది కోడ్.

"అన్నీ సముద్రంలో పడ్డాయి." ఇది జవాబు.

ఆమె మోటారు మీదికి వంగి గొంతు తగ్గించింది. "రేపే. బాగా పొద్దెక్కాక."

"పట్టపగలా?"

"మంగళవారం కదా. సముద్రానికి విశ్రాంతి రోజు. ఈ తీరంలో ఒక్క పడవ కదలదు. అంతకన్నా మంచి రోజు దొరకదంటాడు హార్‌గ్రీవ్."

"నువ్వు ఎవరి వైపు, జిఫా?"

ఆమె అద్దాలు తీసింది. కళ్ల కింద నిద్రలేమి నలుపు కట్టి ఉంది. "ఎవరైనా నన్ను ఆ మాట అడిగి చాలా కాలమైంది," అని మళ్లీ అద్దాలు పెట్టుకుని వెళ్లిపోయింది.

మంగళవారం ఎండ చుర్రుమంటుండగా గుండీ గరగరలాడింది. మేడమ్ గొంతు. "హార్‌గ్రీవ్‌ను పట్టుకోవాల్సిన నేవీ లాంచి రావడం లేదు. ఎవరో దొంగ సమాచారమిచ్చి తూర్పుకి పంపేశారు. ఇక నువ్వే చూసుకో."

సముద్రం ఖాళీగా ఉంది. దూరంగా ఒకే ఒక్క తెల్ల పడవ బోయా వైపు పోతోంది. ఎజిర్ తాటాకుల పందిరి కిందికి పరుగెత్తాడు. అక్కడ జాలర్ల పెద్ద ఎసుమాన్ తనవాళ్లతో కూర్చుని వల బాగుచేస్తున్నాడు.

"పెద్దాయనా, ఒక పడవ కావాలి. ఇప్పుడే."

"ఇయ్యాల ఏ వారమో తెలుసా మోటారూ?"

"తెలుసు. అక్కడ మీ సముద్రాన్ని దోచుకుంటున్నారు."

"అయితే రేప్పొద్దున మాట్లాడదాం. సముద్రం ఎక్కడికీ పోదులే."

"మోటారుకి ఎండదెబ్బ తగిలింది. నెత్తిన నీళ్లు పోయండ్రా," అన్నాడు ఒకడు. పందిరంతా నవ్వింది.

"అసలు ఏ పనికీ పడవ దించరా?"

ముసలాయన వల మీంచి కళ్లెత్తాడు. "మునిగిపోయే మనిషి కోసం దించుతాం. దానికి వారం వర్జ్యం లేదు."

ఎజిర్ చెప్పులు విడిచి, నీళ్లలోకి నడిచాడు.

అలలు దాటి, కాస్త దూరం ఈది, మునుగుతున్నట్టు నటించాలనుకున్నాడు. నటించే అవసరం రాలేదు. పిక్క పట్టేసింది. ఉప్పునీళ్లు గొంతులోకి పోయాయి. మెకానిక్ అటా కోసం ఎవరొస్తారు, అనుకున్నాడు. ఆ పేరు కూడా తనది కాదు. అక్రాలో ఓ ఫైలు మూసి తాడు కడతారు, అంతే.

అప్పుడు ఒడ్డు నుంచి ఎఫువా కేక వినబడింది. "మోటారు మునిగిపోతున్నాడు, లేవండ్రా సన్నాసుల్లారా."

ఆ వెంటే మోటార్లు మోగాయి. ఒకటి, ఇంకొకటి, ఆ తర్వాత రేవు మొత్తం. ఏ మోటారు ఏ పడవదో నీళ్లలో మునుగుతూ కూడా అతను పోల్చుకోగలిగాడు.

ఎసుమాన్ అతన్ని మెడ పట్టి పడవలోకి లాగాడు. "ఈత రానోడివి నీళ్లలో నీకేం పనిరా?" అని తిట్టి, తన పైబట్ట తీసి కప్పాడు. అప్పుడే ఆయన చూపు బోయా మీద పడింది. "మంగళవారం పూట ఆ తెల్ల పడవకేం పని? వాళ్లు కూడా మునుగుతున్నారా ఏంటి?"

"మునిగేలాగే ఉన్నారు, పెద్దాయనా."

"అయితే పదండి, కాపాడదాం."

పడవలన్నీ అటు తిరిగాయి. తెల్ల పడవలో హార్‌గ్రీవ్ కంగారుగా లేచాడు. జిఫా చేతుల్లో రెండు పసుపుపచ్చ పెట్టెలున్నాయి. "అసలుది పారెయ్. తొందరగా," అని అరిచాడు. ఆమె వణుకుతున్న ఎజిర్ వైపు ఒకసారి చూసి, ఒక పెట్టెను నీళ్లలోకి విసిరింది. అది బుడగలు వదులుతూ అడుగుకు పోయింది. ఆ సరికే జాలర్ల పడవలు నాలుగు వైపులా మూసుకున్నాయి. ప్రతి పడవలోనూ ఎవరో ఒకరు ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నారు.

"రికార్డర్ పాడైతే బాగుచేస్తున్నాం," అన్నాడు హార్‌గ్రీవ్, మొహాన నవ్వు పులుముకుని.

సాయంత్రం రేవులో, పోలీసుల మధ్య కూర్చున్నా ఆ నవ్వు చెదరలేదు. శాస్త్రవేత్తలు మిగిలిన పెట్టెకు స్పీకరు తగిలించారు. బరబర శబ్దం. ఆ తర్వాతా బరబరే. కమిషన్ మనిషి పెదవి విరిచి, స్పీకరు తీసేయడానికి చెయ్యి చాచాడు. ఎజిర్ జిఫా వైపు చూడలేకపోయాడు.

అప్పుడు ఒక దీర్ఘమైన, లోతైన పిలుపు వినబడింది. దానికి జవాబుగా మరొకటి, చిన్నది, పసిది. కమిషన్ మనిషి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

హార్‌గ్రీవ్ నవ్వు ఆరిపోయింది. "అసలుది పారెయ్యమన్నాను కదా."

"రెండూ తేడా తెలియకుండా చేయించింది నువ్వే కదా," అంది జిఫా. వచ్చి ఎజిర్ పక్కన ఇసుకలో కూర్చుంది. ఎజిర్‌కు ఆ సాయంత్రం ఒంటరిగా అనిపించలేదు.

గుండీ మళ్లీ గరగరలాడింది.

"రుజువు చేరింది. రేపు సంతకం పెట్టే జాబితాలోంచి ఏడో బ్లాక్‌ను తీసేశారు," అంది మేడమ్ డాంక్వా. "మనవైపు నష్టమేమైనా ఉందా?"

"ఒక చేప, మేడమ్. తిరిగొస్తుంటే దానంతటదే పడవలోకి ఎగిరి పడింది. మంగళవారమని పెద్దాయన దాన్ని మళ్లీ నీళ్లలో వదిలేశాడు."